ఆఖరి రైలు తర్వాతి జపాన్

2013 డిసెంబరులో టోక్యో నగర ప్రభుత్వం ఓ చిన్న ప్రయోగం చేసింది. శుక్రవారం రాత్రుళ్లు వినోద కేంద్రాలైన రొప్పోంగి, షిబుయాల మధ్య తెల్లవార్లూ బస్సు నడిపింది. న్యూయార్క్, లండన్‌లాగా తమ నగరమూ రాత్రంతా మేలుకోవాలన్నది అప్పటి గవర్నర్ నవోకి ఇనోసే ఉబలాటం. ఆయన అదే నెలలో ఒక డబ్బు వివాదంలో చిక్కి పదవి వదులుకున్నారు. బస్సు మాత్రం మరుసటి అక్టోబరు దాకా ఈడ్చుకొచ్చి, ఎక్కేవాళ్లు లేక ఆగిపోయింది. ఎందుకు ఎక్కలేదో ఊహించడం కష్టం కాదు. షిబుయాలో దిగినా అక్కణ్నుంచి ఇంటికి వెళ్లే రైలు తెల్లవారుజామున గానీ లేదు. ఒక కూడలిలో చిక్కుకున్నవాణ్ని తీసుకెళ్లి ఇంకో కూడలిలో దింపే బస్సు ఎవరిక్కావాలి?

టోక్యోలో రాత్రికి అసలు యజమాని రైలు. పన్నెండున్నర, ఒంటిగంట మధ్య రైళ్లు ఆగిపోతాయి. నాలుగున్నర, అయిదుకు మళ్లీ కదులుతాయి. కోవిడ్ కాలంలో, 2021 మార్చిలో, జేఆర్ ఈస్ట్ సంస్థ చాలా మార్గాల్లో ఆఖరి రైళ్లను అరగంట దాకా ముందుకు జరిపింది. రాత్రిపూట పట్టాలు బాగుచేసే మనుషులు దొరకడం లేదన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. ఆ మార్పు కోవిడ్‌తో పోలేదు. ఇక టాక్సీ అంటారా, 500 యెన్లతో మొదలయ్యే మీటరు రాత్రి పది దాటితే 20 శాతం ఎక్కువ తిరుగుతుంది. విద్యార్థి జేబుకు అది అందే వాహనం కాదు.

ఈ నాలుగు గంటల ఖాళీలో జపాన్ రాత్రి రెండుగా చీలుతుంది. సరదా కోసం మేలుకున్నవాళ్లు కొందరు, వాళ్లకు వడ్డించడానికి మేలుకున్నవాళ్లు కొందరు. విదేశీ విద్యార్థులు రెండు వరుసల్లోనూ ఉంటారు. అయితే జపాన్ చదువులను అమ్మే కరపత్రాల్లో నియాన్ దీపాల షిబుయా కనబడుతుంది గానీ, ఆ దీపాల కింద గ్లాసులు కడిగేవాళ్లు కనబడరు. ఆ రెండో వరుసను చూడకుండా జపాన్‌లో విద్యార్థి జీవితం గురించి ఏం చెప్పినా అది సగం మాటే.

ముందు మనుషుల లెక్క. మూడు లక్షల మంది విదేశీ విద్యార్థులను రప్పించాలని 2008లో అప్పటి ప్రధాని ఫుకుదా ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. 2019కి అది నెరవేరింది. తర్వాత రెండేళ్ల పాటు సరిహద్దులు మూసేయడంతో లక్షన్నర మంది దాకా ప్రవేశం దొరికీ స్వదేశాల్లోనే కంప్యూటర్ తెరల ముందు కూర్చుండిపోయారు. 2024 మే నాటికి సంఖ్య 3,36,708కి ఎగబాకింది. అప్పటికి అదే రికార్డు. 2033కల్లా నాలుగు లక్షలు చేయాలన్నది ప్రధాని కిషిదా హయాంలో పెట్టుకున్న కొత్త లక్ష్యం. 2024 లెక్కలో చైనా వాళ్లు 1.23 లక్షలు, నేపాలీలు 64 వేలు, వియత్నాం వాళ్లు 40 వేలు. మొత్తం మీద లక్ష మందికి పైగా చదివేది విశ్వవిద్యాలయాల్లో కాదు, జపనీస్ భాష నేర్పే పాఠశాలల్లో. భారతీయులు రెండు వేల లోపే.

ఆ కొద్దిమందిలో తెలుగు నేలకు ఓ ప్రత్యేకమైన లంకె ఉంది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణం జపాన్ రుణంతో, జపాన్ వాస్తుశిల్పుల చేయూతతో లేచింది. అక్కడ చదివినవాళ్లు జపాన్ అంతర్జాతీయ సహకార సంస్థ జైకా ఇచ్చే ఉపకారవేతనంతో పైచదువులకు జపాన్ వెళ్లే మార్గం ఏళ్లుగా ఉంది. అలా వెళ్లినవారి రాత్రి ఒక రకం. కన్సల్టెన్సీకి లక్షలు కట్టి భాషా పాఠశాలలో చేరినవారి రాత్రి పూర్తిగా వేరు. అమెరికా వీసాలు బిగుసుకున్న కొద్దీ హైదరాబాద్, విజయవాడల్లో జపాన్ పేరు వినబడడం పెరుగుతోంది కాబట్టి ఈ తేడా ఇప్పుడు తెలుసుకోవాల్సిన సంగతి.

మొదటి వరుస సంగతి చూద్దాం. జపాన్‌లో విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో, చెర్రీ పూల కాలంలో మొదలవుతుంది. విశ్వవిద్యాలయ ద్వారం దాటగానే సీనియర్లు రెండు పక్కలా బారులు తీరి కరపత్రాలు చేతిలో కుక్కుతారు. టెన్నిస్, పర్వతారోహణ, మాంగా, ఆకపెల్లా పాటలు, చివరికి రైళ్లను ఫొటో తీయడం దాకా ప్రతిదానికీ ఒక 'సర్కిల్' ఉంటుంది. జపనీస్ విద్యార్థికి స్నేహాలు, ప్రేమలు, పెద్దాచిన్నా మర్యాదలు అన్నీ అక్కడే. విదేశీ విద్యార్థికీ సమాజంలోకి తలుపు అదే. తరగతి గదిలో ఏడాదంతా పక్కన కూర్చుని పలకరించని కుర్రాడు సర్కిల్ విందులో రెండో గ్లాసు తర్వాత నోరు విప్పుతాడని అక్కడ చదివినవాళ్లు నవ్వుతూ చెబుతుంటారు.

విందు జరిగేది 'ఇజకాయ' అనే జపనీస్ మందుశాలలో. అక్కడి తాగుడు గడియారం ప్రకారం నడుస్తుంది. రెండు గంటల పాటు ఎంత తాగితే అంత. తలకు ఇంత అని ముందే ధర. భోజనంతో కలిపి మూడు నాలుగు వేల యెన్లు. కూర్చోగానే అడక్కుండానే ఒక చిన్న గిన్నెలో ఏదో కూరముక్క వచ్చి చేరుతుంది, దానికీ మూడు నాలుగు వందలు బిల్లులో పడతాయి. కొత్తగా వచ్చిన భారతీయుడు మొదటిసారి గొడవపడేది ఈ గిన్నె మీదే. ఖర్చు అందరూ సమానంగా పంచుకుంటారు. మందు ముట్టని శాకాహారి ఊలాంగ్ టీ తాగుతూ, ఉడికించిన సోయాకాయలు ఒలుచుకుంటూ పక్కవాడి బీరుకు, చేపకూ తన వంతు చెల్లిస్తాడు. టోఫూ అయినా తిందామంటే దాని మీద ఎండు చేప తురుము చల్లి ఉంటుంది. గంటా నలభై నిమిషాలు కాగానే ఆఖరి ఆర్డర్ అడుగుతారు. అక్కణ్నుంచి రెండో విందుకు ఇంకో చోటు. ఆ రెండోదానికి వెళ్లాలా, రైలు పట్టుకోవాలా అన్నదే ఆ రాత్రికి పెద్ద ప్రశ్న.

జపాన్‌లో 2022 ఏప్రిల్ 1 నుంచి 18 ఏళ్లకే పౌరులు మేజర్లవుతున్నారు. మద్యం, పొగాకులకు మాత్రం 20 ఏళ్ల గీత అలాగే ఉంది. కాబట్టి కొత్తగా చేరిన విద్యార్థుల్లో చాలామందికి ఆ విందుల్లో తాగే హక్కు లేదు. అయినా ఒక్క గుక్కలో గ్లాసు ఖాళీ చేయమని చుట్టూ చేరి చప్పట్లు కొట్టే అలవాటు దశాబ్దాల పాటు సాగి, కొత్త విద్యార్థుల ప్రాణాలు తీసింది. అందుకే ఇప్పుడు ఏప్రిల్ వస్తే విశ్వవిద్యాలయాలు దీని మీదే హెచ్చరికలు జారీ చేస్తాయి. తాగమని బలవంతపెట్టడాన్ని వేధింపుగానే చూస్తున్నారు. టోక్యోలో మద్యం విషమించి అంబులెన్సు ఎక్కేవారు ఏటా వేలల్లో ఉంటారు, వారిలో ఇరవైల్లో ఉన్నవారే ఎక్కువ. ఇంతకంటే చీకటి అధ్యాయమూ ఉంది. వసేదా విశ్వవిద్యాలయ విద్యార్థులు కేంద్రంగా నడిచిన ఒక పార్టీల సర్కిల్ అమ్మాయిలకు మద్యం పట్టించి సామూహిక అత్యాచారాలకు పాల్పడినట్లు 2003లో బయటపడింది. నాయకుడికి 14 ఏళ్ల జైలుశిక్ష పడింది. ఆ మరుసటి ఏడాది శిక్షాస్మృతిలో సామూహిక అత్యాచారాన్ని ప్రత్యేక నేరంగా చేర్చారు.

ఇప్పటి తరం అంత తాగడం లేదన్నది ఇంకో వైపు. ఎంతలా అంటే, మద్యం పన్ను పడిపోతోందని బెంగపడ్డ జాతీయ పన్నుల శాఖ 2022లో 'సాకే వివా' పేరుతో ఓ పోటీ పెట్టింది. యువత చేత ఇంకాస్త తాగించడానికి ఉపాయాలు చెప్పండని 20 నుంచి 39 ఏళ్ల వాళ్లనే అడిగింది. ఆరోగ్య శాఖ తగ్గించమంటుంటే పన్నుల శాఖ పెంచమనడం మన ఎక్సైజ్ శాఖల సంగతి తెలిసిన తెలుగు పాఠకులకు వింతగా ఏమీ అనిపించదు.

రైలు తప్పితే ఏం చేయాలి? విద్యార్థికి ఉన్న సమాధానాల్లో మొదటిది కరావొకే. కోబేలో దైసుకే ఇనోవే 1971లో తయారుచేసిన పెట్టెతో మొదలైన ఆ సరదా, ఎనభైల్లో ఒకయామాలో పాత సరుకు కంటెయినర్‌ను గదిగా మార్చడంతో నలుగురికీ తలుపులేసుకుని పాడుకునే చోటైంది. అర్ధరాత్రి నుంచి తెల్లారేదాకా ఒకే ధరకు గది ఇస్తారు. మూడింటికి పాటలు అయిపోతాయి, సోఫాల మీద గుర్రు వినబడుతుంది. ఒంటరిగా ఉంటే మాంగా కేఫ్ ఉంది. పడుకోవడానికి ఓ గూడు, చదవడానికి వేల పుస్తకాలు, స్నానానికి షవర్. ఒకప్పుడు ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే ఫ్యామిలీ రెస్టారెంట్లలో ఒక్క కాఫీతో తెల్లవార్లూ పరీక్షకు చదువుకునేవారు. రాయల్ హోస్ట్ 2017లో, స్కైలార్క్ 2020లో ఆ రాత్రి సేవకు స్వస్తి చెప్పాయి.

సైకిలు మీద వెళ్లిపోవచ్చు కదా అనుకునేవారికి ఓ హెచ్చరిక. 2024 నవంబరు 1 నుంచి తాగి సైకిలు తొక్కినా మూడేళ్ల దాకా జైలు లేదా అయిదు లక్షల యెన్ల దాకా జరిమానా. తొక్కుతాడని తెలిసి మందు పోసినవాడూ, సైకిలు ఇచ్చినవాడూ దోషులే. విద్యార్థి వీసా మీద ఉన్నవాడికి ఇలాంటి కేసు చదువుకే ముప్పు తెస్తుంది.

క్లబ్బుల కథకు కాస్త ఆగాలి, ఎందుకంటే జపాన్ ప్రభుత్వం రాత్రిని ఎలా చూస్తుందో అందులో బాగా తెలుస్తుంది. చాలాకాలం పాటు జపాన్‌లో అర్ధరాత్రి దాటాక జనం చేత నృత్యం చేయించడం చట్టవిరుద్ధం. యుద్ధం ముగిసి అమెరికన్ల ఏలుబడి సాగుతున్న 1948లో డాన్స్ హాళ్లు వ్యభిచారానికి ముంగిళ్లయ్యాయన్న అనుమానంతో చేసిన చట్టం అది. నృత్యం చేయించే చోటికి లైసెన్సు కావాలి. లైసెన్సున్నచోట అర్ధరాత్రి, కొన్ని ప్రాంతాల్లో ఒంటిగంట దాటి నడపకూడదు. కాగితం మీద అంత కఠినమైన చట్టాన్ని దశాబ్దాల పాటు పోలీసులు చూసీచూడనట్టు వదిలేశారు. మొదటి రైలు దాకా క్లబ్బులు మోగుతూనే ఉండేవి. 2010లో ఒసాకా అమెరికామురాలోని ఓ క్లబ్బు దగ్గర జరిగిన కొట్లాటలో ఒక విద్యార్థి చనిపోయాడు. దాంతో పాత చట్టానికి దుమ్ము దులిపారు. వరసగా దాడులు జరిగాయి. కొన్ని చోట్ల డాన్స్ చేయరాదని బోర్డులు వెలిశాయి; సంగీతం మోగుతుంటే కదలకుండా నిలబడాలన్నమాట.

2012 ఏప్రిల్‌లో ఒసాకా ఉమేదాలోని 'నూన్' క్లబ్బు మీద దాడి చేసి యజమానిని అరెస్టు చేశారు. చాలామంది జరిమానా కట్టి బయటపడేవారు. ఆయన మాత్రం కోర్టుకెక్కారు. 2014లో జిల్లా కోర్టు నిర్దోషి అంది. హైకోర్టు, ఆపైన 2016లో సుప్రీంకోర్టు దాన్నే నిలబెట్టాయి. ఈలోగా సంగీతకారుడు ర్యూయిచి సకమోతో వంటివారు గొంతు కలిపిన 'లెట్స్ డాన్స్' ఉద్యమం లక్షన్నరకు పైగా సంతకాలు సేకరించింది. 2020 ఒలింపిక్స్ టోక్యోకు రావడంతో, విదేశీ అతిథులను పన్నెండింటికే ఇంటికి పొమ్మంటే బాగుండదన్న ఆలోచన పాలకులకూ కలిగింది. చట్టం మారి 2016 జూన్ 23న అమల్లోకి వచ్చింది. లోపలి వెలుతురు 10 లక్స్ దాటితే, తగిన లైసెన్సు ఉంటే, మద్యం పోస్తూ తెల్లవార్లూ ఆడించవచ్చు. విరామం వేళ సినిమా హాల్లో ఉండేపాటి వెలుతురది. నైతికతను లక్స్ మీటరుతో కొలవడం జపాన్ పాలనా శైలికి అచ్చమైన మచ్చుతునక. ఇప్పుడు షిబుయా క్లబ్బు గుమ్మంలో విదేశీ విద్యార్థిని ఆపేది నృత్యం కాదు, వయసు. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు, 20 ఏళ్ల రుజువు లేనిదే లోపలికి పంపరు.

తలుపు లోపల సడలిన పట్టు వీధిలో బిగిసింది. హాలోవీన్ రాత్రి షిబుయా కూడలిలో చేరే జనసమ్మర్దం ఏటికేడు పెరిగి 2018లో ఓ చిన్న ట్రక్కును బోల్తా కొట్టించేదాకా వచ్చింది. 2019లో పండుగ రాత్రుల్లో వీధిలో తాగడాన్ని షిబుయా వార్డు నిషేధించింది. 2022లో సియోల్ ఇతెవోన్ తొక్కిసలాట తర్వాత మేయర్ కెన్ హసెబె హాలోవీన్‌కు మా దగ్గరికి రావద్దని ప్రపంచానికే విన్నవించుకున్నారు. 2024 అక్టోబరు నుంచి ఆ నిషేధం ఏడాది పొడవునా అమలవుతోంది. సాయంత్రం ఆరు నుంచి పొద్దున అయిదు దాకా స్టేషన్ చుట్టూ వీధిలో మద్యం డబ్బా తెరవకూడదు. తెరిస్తే జరిమానా లేదు. కాపలావాళ్లు వచ్చి మర్యాదగా అడుగుతారు. కన్వీనియెన్స్ దుకాణంలో రెండు వందల యెన్ల డబ్బా కొని మెట్ల మీద కూర్చోవడం బార్‌కు వెళ్లలేని విద్యార్థుల వినోదం. కాబట్టి ఈ నియమం ముందుగా తగిలేది వాళ్లకే.

షింజుకు స్టేషన్ పక్కనున్న కబుకిచో గురించి కొత్తవాళ్లకు సీనియర్లు చెప్పే మాట ఒకటే: చేయి పట్టి పిలిచేవాడి వెంట వెళ్లొద్దు. అలా పిలవడం అక్కడ చట్టవిరుద్ధమని వీధి మైకుల్లో పగలూ రాత్రీ చెబుతూనే ఉంటారు, పిలిచేవాళ్లు ఆ మైకు కిందే నిలబడి ఉంటారు. వెంట వెళితే రెండు గ్లాసులకు లక్ష యెన్ల బిల్లు. గ్లాసులో మత్తు కలిపి కార్డులు దోచుకున్న ఉదంతాలతో అమెరికా రాయబార కార్యాలయం తన పౌరులను రొప్పోంగి, కబుకిచోల గురించి హెచ్చరించింది కూడా. ప్రేమ నటించి అమ్మాయిలను అప్పుల్లోకి దించే హోస్ట్ క్లబ్బులపై 2025 జూన్ నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. అయినా ఒంటరి అమ్మాయి తెల్లవారుజామున నడిచి ఇంటికి వెళ్లగలిగే మహానగరాల్లో టోక్యో ఒకటన్న మాటలో నిజం ఉంది. కబుకిచో ఆ నిజానికి ఒక మినహాయింపు, అంతే.

ఇక రెండో వరుస. రాత్రి రెండింటికి టోక్యోలో ఏ కన్వీనియెన్స్ దుకాణంలోకి వెళ్లినా కౌంటరు మీద పేరు బిళ్లలో ఒక నేపాలీ పేరో, వియత్నామీ పేరో, బర్మీ పేరో కనబడుతుంది. అక్కడి వాడుకలో అది 'కొన్బిని'. 1974లో టోక్యో తొయొసులో జపాన్ తొలి సెవెన్ ఎలెవెన్ తెరిచారు. మరుసటి ఏడాది కోరియామాలో ఇరవై నాలుగు గంటల దుకాణం మొదలైంది. ఇవాళ దేశమంతా యాభై అయిదు వేలకు పైగా ఉన్నాయి. వాటిలో రాత్రి నిలబడడానికి జపనీస్ యువత చాలదు. 2019లో 'నిర్దిష్ట నైపుణ్య' వీసా తెచ్చినప్పుడు హోటళ్లకు, రెస్టారెంట్లకు చోటిచ్చారు, కొన్బినికి ఇవ్వలేదు. అంటే కౌంటరు పని కోసమే విదేశీయుణ్ని పిలిపించుకునే తిన్నని దారి ఆ దుకాణానికి లేదు. అందుకే చదువుకోవడానికి వచ్చినవారి మీద అది ఆధారపడింది.

విద్యార్థి వీసా మీద వచ్చినవారు పని చేయాలంటే విడిగా అనుమతి కావాలి. మొదటిసారి దిగినప్పుడు నరితా, హనేదా వంటి విమానాశ్రయాల్లోనే దరఖాస్తు ఇస్తే నివాస కార్డు వెనకాల ముద్ర వేస్తారు. ఆ ముద్ర చెప్పేది వారానికి 28 గంటలని. ఎన్ని చోట్ల చేసినా అన్నీ కలిపి అంతే. సుదీర్ఘ సెలవుల్లో రోజుకు ఎనిమిది గంటల దాకా వెసులుబాటు ఉంది. ఇంకో షరతు కూడా ఉంది. హోస్టెస్ బార్లు మొదలుకొని పచింకో జూదశాలలు, మాజాంగ్ గదుల దాకా వినోద వ్యాపార చట్టం కిందికొచ్చే చోట గిన్నెలు తోమడం, నేల తుడవడం కూడా విద్యార్థికి నిషిద్ధం. కబుకిచో వీధిలో తిరగొచ్చు, అక్కడి సగం తలుపుల వెనక చీపురు పట్టకూడదు.

ఇప్పుడు ఓ ఉజ్జాయింపు లెక్క వేద్దాం. 2025 అక్టోబరు నుంచి టోక్యోలో కనీస వేతనం గంటకు 1,226 యెన్లు. ఇటీవలి మారకంలో వంద యెన్లంటే అరవై రూపాయలకు కాస్త తక్కువ. వారానికి 28 గంటల చొప్పున నాలుగు వారాలు పగటిపూట పనిచేస్తే చేతికి వచ్చేది 1,37,000 యెన్లు. ఖర్చు చూస్తే, శివార్లలో ఇద్దరో ముగ్గురో కలిసి ఉండే గదికి తలకు 50 వేలు, వండుకుని తింటే 30 వేలు, ఫోను, బీమా, కరెంటు, రైలు కలిపి 20 వేలు. భాషా పాఠశాల ఫీజు ఏడాదికి ఎనిమిది లక్షలనుకుంటే నెలకు 66 వేలు. మొత్తం 1,66,000. నెలకు దాదాపు 30 వేల లోటు. జపాన్ కార్మిక చట్టం ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున అయిదు దాకా చేసే పనికి 25 శాతం అదనంగా ఇవ్వాలి. అదే 28 గంటలూ రాత్రి చేస్తే 1,71,000 వస్తుంది. పెరిగేది 34 వేలు. లోటు పూడి నాలుగైదు వేలు మిగులుతుంది.

పగటి పని లోటు, రాత్రి పనితో పెరిగే మొత్తం దగ్గరదగ్గరగా ఉండడం గమనించాల్సిన విషయం. రాత్రి నిద్ర వదులుకుంటేనే చట్టానికి లోబడి బతకగలిగేలా లెక్క కుదిరింది. ఊళ్లో కన్సల్టెన్సీకి కట్టడానికి తెచ్చిన అప్పు, దాని వడ్డీ ఇందులో కలపలేదు. కలిపితే 28 గంటలు చాలవు. అప్పుడే నగదు కూలి ఇచ్చే చోట్లు, స్నేహితుడి పేరు మీద రెండో పని మొదలవుతాయి. భాష రానివారికి సులువుగా దొరికేది డబ్బాల్లో భోజనం సర్దే ఫ్యాక్టరీ, పార్సిళ్లు వేరుచేసే గోదాము. రెండూ రాత్రి పనులే. తెల్లారి బడికి వచ్చి బల్ల మీద తలవాల్చిన విద్యార్థికి భాష రాదు, భాష రాకపోతే ఫ్యాక్టరీ వదలదు. వీసా పొడిగింపు సమయంలో ఆదాయ ధ్రువపత్రం చూస్తే ఎన్ని గంటలు పనిచేశారో అధికారులకు ఇట్టే తెలిసిపోతుంది. హాజరు తగ్గినా అంతే. గీత దాటినవారి ప్రయాణం తరచూ అక్కడితో ఆగుతుంది.

ఈ విషవలయం ఎక్కడిదాకా పోగలదో 2019లో దేశమంతా చూసింది. టోక్యోలోని ఓ ప్రైవేటు విశ్వవిద్యాలయంలో చేరిన విదేశీయుల్లో మూడేళ్లలో 1,600 మందికి పైగా ఆచూకీ లేకుండా పోయారని తేలింది. డిగ్రీ కోర్సులో కాకుండా పరిశోధక విద్యార్థుల పేరిట ఇష్టమొచ్చినంత మందిని చేర్చుకోవడం దానికి మూలం. ప్రభుత్వం నిబంధనలు బిగించింది. పిల్లలను పంపిన ఏజెంట్ల మీద మాత్రం జపాన్ చట్టం చేయి చాపలేదు. వాళ్లు ఉన్నది కాఠ్మండూలోనో, హనోయ్‌లోనో.

28 గంటల పరిమితినే ఎత్తేయాలన్న వాదన తరచూ వినబడుతుంది. అది ఎత్తేస్తే దుకాణాలకు లాభం, చదువుకు కాదు. పరిమితిలో తప్పు లేదు, దాని చుట్టూ పెట్టిన ధరల్లో ఉంది. పగటి 28 గంటలతో నెగ్గుకురాలేని ఫీజులు ఉన్న పాఠశాలకు, ఆ ఫీజు పైన తన కమీషన్ వేసుకునే ఏజెంటుకు చదువు చెప్పడం కన్నా రాత్రి కూలీని సరఫరా చేయడమే నిజమైన వ్యాపారం అవుతుంది.

ఉపకారవేతనంతో వెళ్లినవారిని చూస్తే ఇది ఇంకా స్పష్టం. జపాన్ విద్యా శాఖ ఇచ్చే మెక్స్ట్ ఉపకారవేతనం కింద డిగ్రీ విద్యార్థికి నెలకు 1,17,000 యెన్లు, పరిశోధన విద్యార్థులకు 1,43,000 పైన అందుతుంది. ఫీజు ఉండదు, విమాన టికెట్టు ప్రభుత్వానిదే. పై లెక్కలోంచి ఆ 66 వేలు తీసేసి చూస్తే చాలు, రాత్రి ఏ స్వరూపంలో ఉంటుందో తెలుస్తుంది. సొంత ఖర్చుతో చదివినా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఏడాది ఫీజు ప్రామాణికంగా 5,35,800 యెన్లే. టోక్యో విశ్వవిద్యాలయం 2025లో చేరినవారి నుంచి దాన్ని 6,42,960కి పెంచినప్పుడు అక్కడి విద్యార్థులు ఆందోళనకు దిగారు. అంత పెంచాక కూడా అది చాలా భాషా పాఠశాలల కంటే తక్కువ.

ఈ విద్యార్థులకూ రాత్రి మేలుకోవడం తప్పదు, ల్యాబ్‌లో. జపాన్ పరిశోధన విద్యార్థి ప్రపంచం ప్రొఫెసర్ గది చుట్టూ తిరుగుతుంది. చాలా ల్యాబ్‌లలో పొద్దున పదికి వచ్చి పరికరం ఖాళీ అయ్యేదాకా, కొన్నిసార్లు అర్ధరాత్రి దాకా ఉండడం మామూలు. వారి వినోదం క్లబ్బుల్లో కన్నా ఊళ్ల స్వభావంలో దొరుకుతుంది. క్యోటోలో వేసవి రాత్రుళ్లు సాంజో, షిజో వంతెనల మధ్య కమో నది గట్టు మీద జంటలు కొలిచినట్టు సమాన దూరాల్లో కూర్చుంటాయి. ఆ దృశ్యానికి పైసా ఖర్చు లేదు. క్యుషూ దీవిలోని బెప్పులో 2000లో తెరిచిన రిత్సుమేకాన్ ఆసియా పసిఫిక్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల్లో దాదాపు సగం విదేశీయులే. కొండ మీది హాస్టల్ నుంచి దిగివస్తే వేడినీటి ఊటల స్నానశాలలు. మూడు వందల యెన్లు కూడా కానిచోట పెద్దవాళ్లతో కలిసి మెడదాకా మునిగి భాష నేర్చుకోవచ్చు. అందరూ టోక్యోనే ఎందుకు అడుగుతారన్నది నిజంగా ఆశ్చర్యమే.

తెలుగు విద్యార్థికి టోక్యోలో ఇంటి వాసన కావాలంటే నిషి కసాయి ఉంది. 2000 నాటి కంప్యూటర్ సమస్య కాలంలో వచ్చిన భారతీయ ఇంజనీర్లు స్థిరపడిన ఎదోగవా వార్డులోని పేట అది. 2019లో ఆ వార్డు సభకు భారత సంతతికి చెందిన పురాణిక్ యోగేంద్ర ఎన్నికయ్యారు. కందిపప్పు, కారప్పొడి షిన్ ఒకుబో సందుల్లోనూ దొరుకుతాయి. ఇక తెలుగు సినిమా ఇచ్చిన పలుకుబడి వేరే. 'బాహుబలి'కి అరుపులు, కేకలు అనుమతించే ప్రత్యేక ప్రదర్శనలు వేశారు. 2022 అక్టోబరులో విడుదలైన 'ఆర్‌ఆర్‌ఆర్' ఏడాదికి పైగా ఆడి 'ముత్తు' వసూళ్ల రికార్డును దాటింది. 2024లో తకరజుకా మహిళా నాటక బృందం దాన్ని రంగస్థలం ఎక్కించింది. నిశ్శబ్దంగా సినిమా చూడడం మర్యాద అయిన దేశంలో, భీమ్ అని అరుస్తూ జపనీస్ మహిళలు చిరుదీపాలు ఊపుతుంటే, మనవాళ్లకు సర్కిల్ విందులో మాట కలపడానికి వేరే పరిచయం అక్కర్లేదు.

అయితే రాత్రి కూలి మీద నిలిచిన ఆ లెక్క కూడా ఎంతకాలం నిలుస్తుందో తెలియదు. 2019 ఫిబ్రవరిలో హిగాషి ఒసాకాలో ఓ సెవెన్ ఎలెవెన్ దుకాణదారు పనివాళ్లు దొరక్క రాత్రి ఒంటిగంట నుంచి ఆరు దాకా షట్టర్ దించేశారు. ఒప్పందం తప్పావని ప్రధాన కార్యాలయం కన్నెర్రజేసినా జనం ఆయన పక్షాన నిలిచారు. ఆయన దుకాణం పోయింది, కోర్టులోనూ ఓడారు. కానీ ఆ ఏడాది చివరికి, కోరిన దుకాణాలు రాత్రి మూసుకునేందుకు సంస్థ వీలు కల్పించాల్సి వచ్చింది. ఇప్పుడు కొనేవాళ్లే డబ్బులు చెల్లించుకునే యంత్రాలు కౌంటర్ల మీదికి వస్తున్నాయి. రాత్రి పని తగ్గితే నెలకు ఆ 34 వేల యెన్లు ఎక్కడినుంచి వస్తాయి? ఆ ప్రశ్నకు జవాబు విద్యార్థి విమానం ఎక్కకముందే, ఫీజు రసీదుతో పాటే, కాగితం మీద రాసివ్వాల్సింది చేర్చుకునే పాఠశాల, పంపే కన్సల్టెన్సీ.